బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిళ్లు బెడ్‌పాన్లు కడిగిన తెలుగు డాక్టర్.. అక్కడే 30 ఏళ్ల తర్వాత తొలి సక్సెస్‌ఫుల్ కిడ్నీ మార్పిడి! యల్లాప్రగడ సుబ్బారావు కథ

వరంగల్‌: 1920ల నాటి మాట. అమెరికాలోని బోస్టన్ నగరం.. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆస్పత్రి. అర్ధరాత్రి దాటాక ఓ తెలుగు యువకుడు వార్డుల్లో తిరుగుతూ రోగుల మలమూత్రాల పాత్రలు తీసుకెళ్లి కడిగి పెట్టేవాడు. ఊళ్లో అయితే ఆయన డాక్టరు. అక్కడ మాత్రం నైట్ పోర్టర్. పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

సరిగ్గా అదే ఆస్పత్రిలో 1954 డిసెంబర్ 23న ప్రపంచంలోనే తొలిసారి ఓ కిడ్నీ మార్పిడి ఆపరేషన్ సక్సెస్ అయింది. అప్పటికి సుబ్బారావు చనిపోయి ఆరేళ్లు దాటింది. ఆ ఆపరేషన్‌తో ఆయనకు నేరుగా ఏ సంబంధమూ లేదు. ఆయన సర్జన్ కాదు, కిడ్నీ మార్పిడిపై పరిశోధన చేసిందీ లేదు. కానీ మార్పిడి చేసిన కిడ్నీ నిలబడుతుందా, పాడైపోతుందా అని ఇవాళ డాక్టర్లు లెక్కేసే ప్రతి మలుపులోనూ ఆయన పని ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది.

ఇప్పుడు ఈ కథ ఎందుకంటారా? వరంగల్ ఎంజీఎం ఆస్పత్రికి వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ కోసం వచ్చేవాళ్లను అడగండి. నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకుని వాళ్లు ఎదురుచూసేది ఒక్కదాని కోసమే.. ఓ కొత్త కిడ్నీ. కొందరికి ఇంట్లోవాళ్లే ఇస్తారు. కొందరు జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని హైదరాబాద్ నుంచి వచ్చే ఫోన్ కోసం చూస్తారు. ఆపరేషన్ అయ్యాక కొందరికి ఆ కిడ్నీ 15, 20 ఏళ్లు పనిచేస్తుంది. ఇంకొందరికి రెండు మూడేళ్లకే మళ్లీ డయాలసిస్ తప్పదు. ఎందుకీ తేడా? సుబ్బారావు జీవితం చెప్పుకుంటూ పోతే ఆ జవాబులు కూడా ఒక్కొక్కటిగా దొరుకుతాయి. చూద్దాం.

భీమవరం కుర్రాడు.. మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఏడుగురు పిల్లల్లో నాలుగోవాడు. తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బు చేసి ఉద్యోగం మధ్యలోనే మానేయాల్సి వచ్చింది. ఇంట్లో ఇబ్బందులు మొదలయ్యాయి.

పిల్లాడికి చదువు మీద మనసు లేదు. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి కాశీకి బయల్దేరాడట. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్ముకుని డబ్బు సంపాదించాలన్నది ప్లాన్. తల్లి ఊరుకోలేదు. వెనక్కి పట్టుకొచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. రాజమండ్రిలో చదువు కుదరలేదు. చివరికి మద్రాసు హిందూ హైస్కూల్లో మూడో ప్రయత్నానికి మెట్రిక్ గట్టెక్కాడు.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ అయ్యాక సన్యాసం వైపు మనసు లాగింది. రామకృష్ణ మఠంలో చేరిపోతానన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. జనానికి సేవే చేయాలనుకుంటే డాక్టరైనా చేయొచ్చని మఠం వాళ్లు కూడా నచ్చజెప్పారంటారు. అలా మద్రాస్ మెడికల్ కాలేజీలో చేరారు. చదువు ఖర్చుకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి అండగా నిలిచారు. తర్వాత సూర్యనారాయణమూర్తి కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లాడారు.

ఖద్దరు గౌను.. పోయిన డిగ్రీ

అవి గాంధీజీ విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపునిచ్చిన రోజులు. సుబ్బారావు ఖద్దరుతో కుట్టించిన గౌను వేసుకుని ఆపరేషన్ థియేటర్‌కి వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. ఫలితం.. పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు ఎంబీబీఎస్ రాలేదు. అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్‌తో సరిపెట్టారు. మద్రాస్ మెడికల్ సర్వీస్‌లో ఉద్యోగం కోసం ప్రయత్నిస్తే అదీ దొరకలేదు.

ఇదే కాలంలో ఇంటిపై పెద్ద దెబ్బ పడింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు చనిపోయారు. తిన్నది ఒంటపట్టదు, విరేచనాలు ఆగవు, రక్తం తగ్గిపోతుంది.. మనిషి చిక్కి శల్యమై పోతాడు. అప్పట్లో దానికి మందు లేదు. సుబ్బారావుకూ అదే జబ్బు సోకింది. ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బయటపడ్డారు. ఆ లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలోనే అనాటమీ పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరారు.

అన్నదమ్ములను మింగిన జబ్బుకు మందు కనిపెట్టాలన్న పట్టుదల అక్కడే పుట్టింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ చారిటీస్ సాయం చేస్తామంది. మామగారు కొంత సర్దారు. భార్యను పుట్టింట్లో ఉంచి ఓడెక్కారు. 1922 అక్టోబర్ 26న బోస్టన్‌లో దిగారు. అప్పటికి ఆయన వయసు 27.

ఆ తర్వాత ఆయన మళ్లీ ఇండియా గడ్డ మీద కాలు పెట్టలేదు. శేషగిరి భర్తను మళ్లీ చూడలేదు.

పగలు చదువు.. రాత్రి పోర్టర్ పని

హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. కానీ మద్రాసు సర్టిఫికెట్ అక్కడ చెల్లలేదు. డాక్టరుగా పనిచేయడానికి వీల్లేదు. స్కాలర్‌షిప్ లేదు. తిండికి, అద్దెకు డబ్బులు కావాలి. అందుకే బ్రిగమ్ ఆస్పత్రిలో నైట్ పోర్టర్‌గా కుదిరారు. పగలు క్లాసులు.. రాత్రి బెడ్‌పాన్లు.

కోర్సు పూర్తయ్యాక హార్వర్డ్ మెడికల్ స్కూల్ బయోకెమిస్ట్రీ విభాగంలో చేరారు. అక్కడ సైరస్ ఫిస్క్ అనే ప్రొఫెసర్ ఆయనకు ఒక పని అప్పగించారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో తేలిగ్గా, కచ్చితంగా కొలిచే పద్ధతి కావాలి. సుబ్బారావు దాని మీద కూర్చున్నారు. 1925లో ఫలితం అచ్చయింది. శాంపిల్‌లో రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువున్నట్టు. అంతే! ఫిస్క్-సుబ్బారావు పద్ధతి అని దానికి పేరొచ్చింది. మన మెడికల్ కాలేజీల్లో బయోకెమిస్ట్రీ చదివిన వాళ్లు ఈ పేరు వినే ఉంటారు.

ల్యాబ్ రిపోర్టులో ఆయన గుర్తు

కిడ్నీ దెబ్బతింటే ఒంట్లోని ఫాస్ఫరస్ బయటికి పోదు, పేరుకుపోతుంది. డయాలసిస్ పేషెంట్లకు పాలు, పప్పులు, మాంసం కొలతగా తినమని చెప్పేది అందుకే. మార్పిడి అయ్యాక సీన్ రివర్స్ అవుతుంది. కొత్త కిడ్నీ ఫాస్ఫరస్‌ను మరీ ఎక్కువగా బయటికి పంపేస్తుంది. పాత జబ్బు రోజుల్లో పెరిగిపోయిన హార్మోన్లు వెంటనే తగ్గకపోవడమే దానికి కారణం. అందుకే మొదటి కొన్ని వారాలు, నెలలు ఫాస్ఫరస్ కూడా చూస్తుంటారు.

ఇక అసలైన నంబర్ క్రియాటినిన్. మార్పిడి చేయించుకున్న వాళ్ల ఇంట్లో చదువు రానివాళ్లకు కూడా ఈ మాట తెలుసు. పెరిగితే కిడ్నీకి ఏదో అవుతున్నట్టు. ఈ క్రియాటినిన్ ఎక్కడి నుంచి వస్తుంది? మన కండరాల్లో క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాలుంటాయి. అవి రోజూ కొద్దికొద్దిగా విరిగి క్రియాటినిన్‌గా మారి, కిడ్నీ ద్వారా బయటికి పోతాయి. 1927లో ఆ ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొన్నది ఫిస్క్, సుబ్బారావులే. అదే సమయంలో ఇంగ్లండ్‌లో ఇంకో బృందం కూడా దాని జాడ పట్టింది.

ఇక్కడో విషయం గుర్తుపెట్టుకోవాలి. కిడ్నీ రిజెక్షన్ మొదలైనప్పుడు చాలాసార్లు నొప్పి ఉండదు, జ్వరం ఉండదు. మనిషి బాగానే ఉంటాడు. రక్త పరీక్షలో నంబర్ మాత్రమే ముందుగా పెరుగుతుంది. అప్పుడే పట్టుకుంటే మందులతో ఆపే అవకాశం ఎక్కువ. ఒంట్లో బాగానే ఉంది కదా అని టెస్ట్ మానేసినవాళ్లకు తెలిసేసరికి ఆలస్యమైపోతుంది.

ఐస్ పెట్టెలో కరిగిపోయే టైమ్

1929లో సుబ్బారావు, ఫిస్క్ ఇంకో పెద్ద విషయం బయటపెట్టారు. అదే ఏటీపీ. ఒంట్లోని ప్రతి కణం పనిచేయడానికి వాడే ఇంధనం. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా దీన్ని కనుగొన్నారు. అందుకే ఈ పేరు చెప్పగానే ఇద్దరినీ తలుచుకుంటారు.

కిడ్నీ మార్పిడికి, ఏటీపీకి లింకేంటి? దాత ఒంట్లోంచి కిడ్నీ తీయగానే దానికి రక్తం ఆగిపోతుంది. ఆక్సిజన్ అందదు. కణాల్లో ఉన్న ఏటీపీ నిమిషాల్లోనే ఖర్చవుతుంది. కొత్తది తయారవదు. అందుకే చల్లటి ద్రావణంతో కిడ్నీని కడిగి ఐస్‌లో పెడతారు. చల్లదనానికి కణాల పని బాగా నెమ్మదిస్తుంది. ఆ కొద్దిపాటి ఇంధనం ఇంకాస్త నిలుస్తుంది. అయినా నష్టం ఆగదు, నెమ్మదిస్తుందంతే. మళ్లీ రక్తం పారించిన క్షణంలో కూడా కణాలకు ఇంకో దెబ్బ తగులుతుంది.

ఐస్‌లో ఎన్ని గంటలు గడిస్తే, కిడ్నీ పనిచేయడం అంత ఆలస్యం అయ్యే ప్రమాదం. ఆపరేషన్ తర్వాత మొదటి వారంలో మళ్లీ డయాలసిస్ అవసరమైతే కిడ్నీ ఆలస్యంగా మేల్కొంటోందని అర్థం. చాలామందిలో అది తర్వాత కోలుకుంటుంది. కానీ అలాంటి కిడ్నీల్లో రిజెక్షన్ ముప్పు కాస్త ఎక్కువ. హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు గ్రీన్ చానెల్ పెట్టి అంబులెన్స్‌ను పరుగులు పెట్టించేది ఈ గంటల కోసమే. బతికున్న దాత ఇచ్చే కిడ్నీ ఎక్కువ కాలం నిలవడానికి ఇది కూడా ఒక కారణం. దాత, రోగి పక్కపక్క థియేటర్లలోనే ఉంటారు. ఐస్‌లో ఉండే టైమ్ చాలా తక్కువ.

హార్వర్డ్‌లో దక్కని చోటు

ఇంత పనిచేసినా, 1930లో పీహెచ్‌డీ వచ్చినా హార్వర్డ్ సుబ్బారావుకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. కారణాలు ఎన్ని చెప్పినా, కనిపెట్టిన వాటికి రావాల్సిన పేరు ఆయనకు రాలేదన్నది తర్వాత చాలామంది ఒప్పుకున్న మాట. ఆయన కూడా దాని కోసం పోట్లాడే మనిషి కాదు.

దీనికి పెద్ద సాక్షి ఉన్నారు. 1930ల్లో హార్వర్డ్‌లో అదే విభాగంలో చదువుకున్న జార్జ్ హిచింగ్స్. సుబ్బారావు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్లను తర్వాతి ఏళ్లలో వేరేవాళ్లు మళ్లీ కనుక్కోవాల్సి వచ్చిందని, ఫిస్క్ అసూయతో వాటిని వెలుగులోకి రానివ్వకపోవడమే కారణమని హిచింగ్స్ తర్వాత చెప్పారు. ఈ హిచింగ్స్ పేరు గుర్తుంచుకోండి. కాసేపట్లో మళ్లీ వస్తారు.

లెడర్లీ ల్యాబ్.. అన్నదమ్ముల జబ్బుకు మందు

1940లో సుబ్బారావు హార్వర్డ్ వదిలేసి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు. పరిశోధన డైరెక్టర్ అయ్యారు. అక్కడి ఎనిమిదేళ్లలో జరిగింది ఒక మనిషి జీవితానికి చాలా ఎక్కువ.

మొదటిది ఫోలిక్ యాసిడ్. 1945 నాటికి ఆయన బృందం దాన్ని ల్యాబ్‌లో తయారుచేసింది. స్ప్రూకు, ఒక రకం రక్తహీనతకు అది మందుగా నిలిచింది. అన్నదమ్ములను బలి తీసుకున్న జబ్బు! పాతికేళ్ల తర్వాత జవాబు దొరికింది. ఇవాళ గర్భిణులకు అంగన్‌వాడీల్లో, పీహెచ్‌సీల్లో ఇచ్చే ఐరన్-ఫోలిక్ మాత్రలో ఉన్నది అదే.

తర్వాత బోదకాలు మందు. డైఇథైల్ కార్బమజైన్.. మన దగ్గర ఇంటింటికీ పంచే డీఈసీ మాత్ర ఇదే. ఆయన నాయకత్వంలోనే అరియోమైసిన్ అనే తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్‌ను బెంజమిన్ డుగ్గర్ కనుగొన్నారు. 1948లో ప్రపంచానికి ప్రకటించారు.

మూడోదే అసలు మలుపు. ఫోలిక్ యాసిడ్ లాగే కనిపిస్తూ, దాని పనిని అడ్డుకునే మందు తయారుచేస్తే ఎలా ఉంటుంది? వేగంగా పెరిగే కణాలకు ఫోలిక్ యాసిడ్ చాలా అవసరం. నకిలీ ఫోలిక్ యాసిడ్ ఇస్తే ఆ కణాలు మోసపోయి పెరగడం ఆపేస్తాయి. సుబ్బారావు బృందం అమినోప్టెరిన్‌ను తయారుచేసి బోస్టన్‌లోని డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు పంపింది. బ్లడ్ క్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. 1948లో ఆ ఫలితం అచ్చయింది. క్యాన్సర్‌కు మందులతో వైద్యం అక్కడి నుంచే ఊపందుకుంది. అమినోప్టెరిన్‌కు తమ్ముడి లాంటి మెథోట్రెక్సేట్‌ను ఇవాళ క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వాడుతున్నారు.

అదే ఆస్పత్రి.. కవల సోదరుల కిడ్నీ

1954లో బ్రిగమ్ ఆస్పత్రిలో డాక్టర్ జోసెఫ్ ముర్రే చేసిన ఆపరేషన్ ఎందుకు నిలిచింది? దాత రోనాల్డ్ హెరిక్, తీసుకున్న రిచర్డ్ హెరిక్ ఒకే పోలిక కవలలు. రిచర్డ్ ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదిగా చూడలేదు. ఆయన ఇంకో ఎనిమిదేళ్లు బతికారు. కిడ్నీ ఇచ్చిన రోనాల్డ్ 2010 దాకా ఉన్నారు. అంటే ఒక కిడ్నీతోనే 56 ఏళ్లు!

మరి కవలలు లేనివాళ్ల సంగతి? రోగనిరోధక శక్తి పరాయి కిడ్నీ మీద దాడి చేస్తుంది. ఆ దాడి చేసే తెల్లకణాలు కూడా వేగంగా పెరిగేవే. వాటిని మోసం చేసే మందు కావాలి. సరిగ్గా అలాంటి ఆలోచనతోనే ఇంకో ల్యాబ్‌లో పనిచేస్తున్న హిచింగ్స్, ఆయన సహచరి గెర్ట్రూడ్ ఎలియన్ 6-మెర్కాప్టోప్యూరిన్, తర్వాత అజథయోప్రిన్ తయారుచేశారు. వాళ్లు సుబ్బారావు దగ్గర పనిచేయలేదు, వాళ్ల దారి వాళ్లదే. కానీ నకిలీ పదార్థంతో కణాన్ని ఆపొచ్చని మనుషుల్లో తొలిసారి గట్టిగా నిరూపించింది అమినోప్టెరినే.

1962లో అదే బ్రిగమ్ ఆస్పత్రిలో, రక్తసంబంధం లేని చనిపోయిన దాత కిడ్నీని అమర్చి అజథయోప్రిన్ ఇచ్చారు. రోగి ఏడాదికి పైగా బతికారు. కిడ్నీ మార్పిడి అందరికీ సాధ్యమేనని తేలింది అప్పుడే. హిచింగ్స్, ఎలియన్‌లకు 1988లో, ముర్రేకు 1990లో నోబెల్ వచ్చింది. తర్వాత 1980ల్లో సైక్లోస్పోరిన్, 1990ల్లో టాక్రోలిమస్, మైకోఫినోలేట్ వచ్చి ఫలితాలను ఇంకా మెరుగుపరిచాయి. మన దేశంలో 1971లో వెల్లూరు సీఎంసీలో కిడ్నీ మార్పిడి విజయవంతమైంది.

మ్యాచింగ్ అంటే బ్లడ్ గ్రూప్ ఒక్కటే కాదు

కిడ్నీ ఇచ్చేముందు బ్లడ్ గ్రూప్ చూస్తారు, హెచ్ఎల్ఏ టైపింగ్ చేస్తారు, క్రాస్ మ్యాచ్ చేస్తారు. చివరిది చాలా ముఖ్యం. దాత కణాలకు వ్యతిరేకంగా రోగి రక్తంలో ముందే యాంటీబాడీలు ఉన్నాయా అన్నది దానిలో తేలుతుంది. ఉంటే కొత్త కిడ్నీ గంటల్లోనే దెబ్బతినొచ్చు.

ఈ యాంటీబాడీలు ఎలా వస్తాయి? గతంలో ఎక్కించిన రక్తం, పాత మార్పిడి, గర్భధారణ.. ఈ మూడూ ప్రధాన కారణాలు. పిల్లలు పుట్టిన భార్యకు భర్త కిడ్నీ ఇవ్వాలనుకుంటే ఒక్కోసారి క్రాస్ మ్యాచ్ అడ్డం పడేది అందుకే. కడుపులో బిడ్డ ద్వారా తండ్రి గుర్తులు తల్లి ఒంటికి ముందే తెలిసిపోతాయి. డయాలసిస్‌లో రక్తం తగ్గినప్పుడు వీలైనంత వరకు ఇంజెక్షన్లతో పెంచి, అవసరం ఉంటేనే రక్తం ఎక్కించడం కూడా ఇందుకే. ఏళ్ల తరబడి డయాలసిస్‌పై ఉండటం కంటే ముందే మార్పిడి జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.

కిడ్నీని కాపాడే మందే.. జబ్బులకు తలుపు తీస్తుంది

రోగనిరోధక శక్తిని తగ్గిస్తేనే కిడ్నీ నిలుస్తుంది. తగ్గిస్తే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి. మార్పిడి తర్వాత జీవితమంతా ఈ తాడు మీద నడకే. మొదటి నెలలో కుట్లు, మూత్రం, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. మూత్రనాళం అతికిన చోట లీక్ కావడం, రక్తనాళంలో గడ్డ కట్టడం లాంటి సర్జరీ సమస్యలు కూడా ఎక్కువగా తొలి రోజుల్లోనే. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య సీఎంవీ లాంటి వైరస్‌లు, ఒక రకం న్యుమోనియా పొంచి ఉంటాయి. బీకే వైరస్ నేరుగా కిడ్నీనే దెబ్బతీస్తుంది. మన దేశంలో టీబీ ముప్పు ఎప్పుడూ ఉంటుంది. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ టాక్రోలిమస్ మోతాదును రక్తంలో బాగా పడగొడుతుంది. అప్పుడు కిడ్నీకి రిజెక్షన్ ప్రమాదం. అందుకే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా మార్పిడి సంగతి ముందే చెప్పాలి.

న్యుమోనియా రాకుండా మొదటి నెలల్లో ఇచ్చే కోట్రైమాక్సజోల్ మాత్ర ఎలా పనిచేస్తుందో తెలుసా? క్రిములకు ఫోలిక్ యాసిడ్ అందకుండా చేస్తుంది. సుబ్బారావు జీవితమంతా తవ్విన బాట ఇక్కడ కూడా కనిపిస్తుంది.

ఏళ్లు గడిచాక సమస్యలు మారతాయి. స్టెరాయిడ్లు, టాక్రోలిమస్ వల్ల కొత్తగా షుగర్ రావొచ్చు. బీపీ పెరగొచ్చు. కిడ్నీ బాగానే పనిచేస్తుండగా చనిపోయేవాళ్లలో గుండెజబ్బు ప్రధాన కారణాల్లో ఒకటి. కొన్ని రకాల క్యాన్సర్ల ముప్పు కూడా మామూలు వాళ్ల కంటే ఎక్కువ.

పెర్ల్ రివర్‌లో ఆఖరి రాత్రి

1948 ఆగస్ట్. అమినోప్టెరిన్ ఫలితాలు అచ్చయి రెండు నెలలే. నిద్రలోనే సుబ్బారావు గుండె ఆగిపోయింది. వయసు 53. అప్పటికి ఇండియాకు స్వాతంత్య్రం వచ్చి ఏడాది కూడా నిండలేదు. పాతికేళ్లకు పైగా అమెరికాలో ఉన్నా ఆయన అక్కడి పౌరుడు కాలేదు. కాలక్రమంలో ఓ శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. 1995లో వందేళ్ల జయంతికి మన తపాలా శాఖ స్టాంప్ విడుదల చేసింది. నోబెల్ మాత్రం రాలేదు.

దేశాలు దాటి వెళ్లిన మనిషి ఇంట్లో ఎదురుచూసిన భార్య కథ ఈ లెక్కల్లో ఎక్కడా ఉండదు. శేషగిరి గారు కూడా ఏదో ఇచ్చారు. ఆపరేషన్ టేబుల్ మీద తన కిడ్నీ ఇచ్చే తల్లి, భార్య లాగే. మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ.

వరంగల్‌కు తిరిగి వస్తే..

కాకతీయ మెడికల్ కాలేజీ 1959లో మొదలైంది. ఇవాళ రాష్ట్రంలోని మెడికల్ కాలేజీలకు పరీక్షలు పెట్టే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కూడా వరంగల్‌లోనే ఉంది. ఇక్కడ చదివే పిల్లలు ఏటీపీ గురించి మొదటి ఏడాదిలోనే చదువుతారు. ఇక్కడి పేషెంట్లు మార్పిడి కోసం, తర్వాత చెకప్‌ల కోసం హైదరాబాద్‌కు సుమారు 150 కిలోమీటర్లు వెళ్లొస్తుంటారు.

అసలు చిక్కు ఇక్కడే. మొదటి ఏడాది అందరూ జాగ్రత్తగా ఉంటారు. రెండో ఏడాదికి ఒళ్లు కుదుటపడుతుంది. పనిలో చేరతారు. ఓ నెల మందులు అయిపోతాయి, చేతిలో డబ్బు ఉండదు. ఇంకో నెల చెకప్‌కు వెళ్తే కూలి పోతుంది. ఎవరో ఓ ఆకు పసరు చెబుతారు. కీళ్లు నొప్పులంటే మెడికల్ షాపులో నొప్పి మాత్ర కొంటారు. ఇందులో ఏ ఒక్కటైనా ఏళ్ల తరబడి కాపాడుకున్న కిడ్నీని దెబ్బతీయగలదు. సర్జన్ చేతిలో ఉన్నది కొన్ని గంటలు. మిగతాదంతా ఇంట్లో, పొద్దునా సాయంత్రం అదే టైమ్‌కు వేసుకునే మాత్రలో ఉంది.

కాబట్టి మార్పిడి చేయించుకున్నవాళ్లు ఇవి మర్చిపోవద్దు..

- మందులు డాక్టర్ చెప్పకుండా ఒక్క పూట కూడా ఆపొద్దు. డబ్బు ఇబ్బంది ఉంటే మానేయకుండా, ఆస్పత్రిలోని ఆరోగ్యశ్రీ సిబ్బందిని, ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటర్‌ను ముందే అడగండి.
- చెప్పిన తేదీకి క్రియాటినిన్, మందు మోతాదు పరీక్షలు చేయించండి. ఒంట్లో బాగున్నా సరే.
- జ్వరం, మూత్రం తగ్గడం, కాళ్ల వాపు, కిడ్నీ పెట్టిన చోట నొప్పి, బరువు ఒక్కసారిగా పెరగడం.. వీటిలో ఏది కనిపించినా అదే రోజు డాక్టర్‌కు చెప్పండి.
- వాంతులు, విరేచనాలు అయితే ఇంట్లో ఆగిపోవద్దు. నీరు తగ్గితే కిడ్నీ త్వరగా దెబ్బతింటుంది.
- నొప్పి మాత్రలు, నాటుమందులు సొంతంగా వద్దు. పంపర పనస తింటే టాక్రోలిమస్ మోతాదు పెరుగుతుంది, దాన్ని పక్కన పెట్టండి.
- బీపీ, షుగర్ అదుపులో ఉంచుకోండి. పొగ, గుట్కా మానేయండి.

కిడ్నీ మార్పిడి ఆపరేషన్‌లో ఒక క్షణం ఉంటుంది. రక్తనాళాలు కలిపి క్లాంపులు తీయగానే, పాలిపోయి ఉన్న కిడ్నీ గులాబీ రంగులోకి మారుతుంది. థియేటర్‌లో అందరూ ఓ చిన్న చుక్క కోసం చూస్తారు.. మూత్రం చుక్క. అది కనిపిస్తే ఊపిరి పీల్చుకుంటారు.

వందేళ్ల కిందట అదే బోస్టన్ ఆస్పత్రిలో, ఎవరూ చూడని ఆ మూత్రాన్ని మోసుకెళ్లి పారబోసి పాత్ర కడిగిన మనిషి మన భీమవరం సుబ్బారావు. ఈసారి ల్యాబ్ రిపోర్ట్ చేతికి వచ్చి క్రియాటినిన్ నంబర్ చూసుకునేటప్పుడు ఆయనను ఒక్కసారి తలుచుకోండి. తర్వాత ఆ పూట మాత్ర వేసుకోవడం మర్చిపోకండి.